పేజీ పేజీకీ నా ఫోను నంబరు: ఒక గ్రూప్-2 ఆన్‌లైన్ కోర్సుపై సమీక్ష

తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ గ్రూప్-2 ఉద్యోగాల నోటిఫికేషన్ 2022 డిసెంబరు 29న 783 పోస్టులతో వెలువడింది. రెండు వారాలు తిరగకముందే, హనుమకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో అర్థశాస్త్రం చెప్పుకుంటూనే సాయంత్రాలు చదువుకోగలనన్న ధైర్యంతో, ఒక ఆన్‌లైన్ సంస్థ తెలుగు మాధ్యమంలో నడిపే పూర్తి కోర్సును కొన్నాను. ధర 8,500 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ, వెరసి 10,030. అది నా నెల జీతంలో సగానికి కొంచెం తక్కువ. సంస్థతో నాకు జరిగిన పేచీ కూడా ఇందులో వస్తుంది గనుక దాని పేరు రాయడం లేదు. అయితే ఇదే పద్ధతిలో నడిచే కోర్సులు చాలా ఉన్నందున, కొనబోయేవారికి, ముఖ్యంగా స్నేహితురాలి లాగిన్‌తోనో టెలిగ్రామ్‌లో దొరికే పీడీఎఫ్‌తోనో గడుపుకుందామని ఆలోచిస్తున్నవారికి ఈ అనుభవం పనికివస్తుందని అనుకుంటున్నాను.

ముందు బోధన సంగతి. నేను పెట్టిన డబ్బులో సగం నాలుగో పేపరు చెప్పిన ఉపాధ్యాయుడికే చెందాలి. తెలంగాణ ఉద్యమ చరిత్రను తేదీల జాబితాగా అప్పజెప్పకుండా, 1952లో మన వరంగల్ విద్యార్థులతో మొదలై హైదరాబాదుకు పాకిన ముల్కీ (ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలనే) ఆందోళన నుంచి 1956 పెద్దమనుషుల ఒప్పందానికి, అక్కడి నుంచి 1969 ఉద్యమానికి, ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుకు, ఆ తీర్పు రేపిన జై ఆంధ్ర ఆందోళనకు, 1973 ఆరు సూత్రాల పథకానికి, 371-డి అధికరణానికి, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులకు, 1985 డిసెంబరు 30 నాటి 610 జీవోకు ఒకదాని కడుపులోంచి ఒకటి ఎలా పుట్టుకొచ్చిందో ఆయన బోర్డు మీద గీసి చూపిన గంటన్నర పాఠాన్ని నేను మూడుసార్లు విన్నాను. మా నాన్నగారు పక్కన కూర్చుని ఒకసారి విన్నారు. 1969లో తాను బడి మానేసి ఊరేగింపుల వెంట తిరిగిన రోజులు చెప్పడం మొదలుపెట్టి, పాఠాన్ని అరగంట ఆపించారు కూడా.

మూడో పేపరు, అంటే ఎకానమీ బోధన అంత నిక్కచ్చిగా లేదు. అది నా సబ్జెక్టు కావడం వల్ల నాకు ఓపిక తక్కువని ఒప్పుకుంటాను. కానీ తెరమీది స్లైడును ఉన్నదున్నట్టు చదివి వినిపించడాన్ని పాఠం అనలేం. రాష్ట్ర తలసరి ఆదాయం ప్రస్తుత ధరల్లో ఎంత పెరిగిందో చూపించి, జనం కొనుగోలు శక్తి కూడా అంతే పెరిగిందని చెప్పి ముందుకు సాగిపోయారు. ధరలు పెరగడం వల్ల కనిపించే పెరుగుదలను కూడా కలిపి చూపే ప్రస్తుత ధరలకూ, దాన్ని తీసేసి చూపే స్థిర ధరలకూ ఉన్న తేడా నేను ఇంటర్ పిల్లలకు చెప్పేదే. సందేహాల విభాగంలో ఈ సంగతి రాస్తే నాలుగు రోజుల తరువాత సవరించిన స్లైడు పెట్టారు, నా పేరు చెప్పి ధన్యవాదాలు కూడా తెలిపారు. సంస్థ మీద నాకున్న కోపాన్ని ఈ ఒక్క సవరణ కొంత తగ్గించింది. ఎందుకో కింద రాస్తాను.

టెస్ట్ సిరీస్ బాగుంది. 150 బిట్ల పేపరు రాసిన వెంటనే ఏ సెక్షన్‌లో ఎన్ని తప్పులు పోయాయో విడివిడిగా చూపిస్తుంది.

యాప్ మాత్రం కొన్నవారిని అనుమానితులుగా చూసేలా తయారుచేశారు. ఒక ఖాతాకు ఒకే ఫోను. కంప్యూటరులో తెరుచుకోదు. స్క్రీన్‌షాట్ తీయబోతే తెర నల్లబడుతుంది. ఫోను మార్చుకుంటే మెయిలు రాసి మూడు రోజులు ఎదురుచూడాలి. పరకాల దగ్గర మా ఊరికి సెలవులకు వెళ్లినప్పుడు సిగ్నల్ కోసం డాబా ఎక్కి పాఠం వినవలసి వచ్చింది, ఎందుకంటే యాప్ లోపల ముందే దింపుకున్న వీడియో సైతం వారానికోసారి నెట్ తగిలితేనే తెరుచుకుంటుంది. దొంగతనాన్ని ఆపడానికే ఇన్ని తాళాలని సంస్థ అంటుంది. ఆ తాళాలు ఎవరిని ఆపాయో నా కథే చెబుతుంది.

వీడియోలకు ఇన్ని కట్టుదిట్టాలున్నా, నోట్సును మాత్రం మొదటి ఆరు నెలలు పీడీఎఫ్‌గా దింపుకోనిచ్చారు. అప్పటికి విడుదలైనది మొత్తం 1,260 పేజీలు. ప్రతి పేజీ మీదా ఏటవాలుగా, లేత బూడిద రంగులో, కొన్నవారి పేరూ ఫోను నంబరూ వాటర్‌మార్కుగా అచ్చవుతాయి. ఫోనులో చదివితే నాకు తలకెక్కదు కనుక, 2023 జూన్‌లో కిషన్‌పురలోని ఒక జిరాక్స్ షాపుకు పెన్‌డ్రైవ్ తీసుకువెళ్లాను. పేజీకి రూపాయి, నాలుగు స్పైరల్ బైండింగులకు 240, మొత్తం 1,500 అయింది. మొదటి పది పేజీలు బయటికి రాగానే షాపు కుర్రాడు ఒక కాగితం వెలుతురుకు పట్టి చూసి, "అక్కా, పేజి పేజికి మీ పేరు, నంబరు వస్తున్నది. గట్లనే కొట్టాల్నా, తీసెయ్యాల్నా?" అని అడిగాడు. తీసేయడం ఎలా వచ్చు అంటే, రోజుకు పదిమంది అడుగుతారని చెప్పాడు. నా పేరు నాకు అడ్డమేమిటి, ఉండనిమ్మన్నాను. దాచుకోవలసిన తప్పేమీ నేను చేయడం లేదు కదా అనుకున్నాను. అప్పటికి నిజంగానే చేయలేదు.

మేం అద్దెకుంటున్న నయీంనగర్ ఇంట్లో కింది గదిలో ఇద్దరమ్మాయిలు ఉండేవారు. ఒకరిది ఏటూరునాగారం, మరొకరిది మంథని. డిగ్రీ అయిపోయి గ్రూప్స్‌కు చదువుతున్నారు. ఆ ఏడు మిరప దిగుబడి సరిగా రాక ఏటూరునాగారం అమ్మాయి ఇంటినుంచి డబ్బు రావడం తగ్గింది. మెస్ మానేసి గదిలోనే అన్నం వండుకుంటున్నారని నాకు వాసన బట్టి తెలిసేది. వాళ్లను పదివేల కోర్సు కొనుక్కోమని ఏ నోటితో అనగలను? నా బైండింగులు ఇచ్చి చదువుకోమన్నాను. రెండు నెలల తరువాత భద్రంగా, అట్టలు వేసి మరీ, తిరిగి ఇచ్చారు. మధ్యలో రెండు రోజులు ఆ పుస్తకాలు రీడింగ్ హాల్లో పరిచయమైన ఒక అబ్బాయి దగ్గరికి వెళ్లి వచ్చాయన్న సంగతి నాకు సెప్టెంబరులో గానీ తెలియలేదు.

అదెలా తెలిసిందంటే, ఒక ఆదివారం మధ్యాహ్నం గుర్తు తెలియని నంబరునుంచి ఫోను వచ్చింది. మంచిర్యాలనుంచి మాట్లాడుతున్నానన్నాడు. చాలా మర్యాదగా, "మేడం, థర్డ్ పేపర్ల మూడో సెక్షన్ ఇంక పెట్టలేరు, ఎప్పుడు పెడ్తరు?" అని అడిగాడు. ఎక్కడ పెట్టాలి, నేనెందుకు పెట్టాలి అని ఆరా తీస్తే తేలిందేమిటంటే, నా నోట్సు మొత్తం ఒక టెలిగ్రామ్ ఛానెల్‌లో అమ్ముడవుతోంది, ప్రతి పేజీ మీదా ఉన్న పేరును చూసి ఆ నోట్సు తయారుచేసిన మేడం నేనేనని కొన్నవారు అనుకుంటున్నారు. ఆ తరువాత కరీంనగర్ నుంచి, జగిత్యాల నుంచి, ఒకసారి రాత్రి పదకొండింటికి ఆదిలాబాద్ నుంచి ఫోన్లు వచ్చాయి. విద్య పంచితే పెరుగుతుందని మా పెద్దవాళ్లు అనేవారు. పీడీఎఫ్ పంచితే నాకు ఫోన్లు పెరిగాయి.

ఎంతకు అమ్ముతున్నారో, ఏమి అమ్ముతున్నారో చూద్దామని నా నోట్సును నేనే 199 రూపాయలు పెట్టి మళ్లీ కొన్నాను. కాబట్టి ఈ రెండో "సేవ" గురించి కూడా సమీక్ష రాసే అర్హత నాకుంది. ఫోన్‌పే చేసి స్క్రీన్‌షాట్ పంపితే పది నిమిషాల్లో లింకు వచ్చింది, అంత చురుకుదనం అసలు సంస్థ కస్టమర్ కేర్‌లో ఏనాడూ చూడలేదు. పేజీలు ఫోను కెమెరాతో తీసినవి. మూలన ఎవరిదో బొటనవేలు. రెండో పేపరులో సుమారు నలభైచోట్ల కుడి పేజీ తరువాత మళ్లీ కుడి పేజీయే వచ్చింది, ఎడమ పేజీలు తీయడం మరిచారు. నదుల పటాలు నల్ల మరకలుగా మిగిలాయి. మూడో పేపరు మూడో సెక్షన్ లేనే లేదు, ఎందుకంటే నేను జిరాక్స్ తీయించిన నాటికి సంస్థే దాన్ని విడుదల చేయలేదు. మంచిర్యాల అబ్బాయి ఎదురుచూపు అందుకే. అన్నిటికన్నా వింతైనది ఛానెల్ అడ్మిన్ పైన అతికించిన హెచ్చరిక: ఈ మెటీరియల్‌ను ఇతరులకు పంపినవారిని గ్రూపునుంచి తొలగిస్తారట, డబ్బు వాపసు ఇవ్వరట.

ఆ హెచ్చరిక చదివాక నాలో ఒక సంశయం తీరిపోయింది. బైండింగు ఇచ్చిన నేను, ఇప్పించుకున్న అమ్మాయిలు, రెండు రోజులు తీసుకెళ్లిన అబ్బాయి, మేం ముగ్గురం నలుగురం ఒకరి అవసరం ఒకరం చూసి చేసిన పని ఇది. చివరి మనిషి మాత్రం ఎవరి అవసరమూ చూడలేదు, ఫోన్‌పే నంబరు పెట్టాడు. పేద విద్యార్థుల పేరు చెప్పి ఈ ఛానెళ్లను వెనకేసుకొచ్చేవారిని చూస్తే నాకు ఇప్పుడు నవ్వొస్తుంది. ఏటూరునాగారం అమ్మాయికి నోట్సు దొరికింది నా దగ్గర, అదీ ఉచితంగా. ఆ 199 చేరింది వేరొకరికి.

నోట్సు పాతబడడం మరో సమస్య, నా దృష్టిలో అసలు సమస్య. మహిళలకు లోక్‌సభలో, శాసనసభల్లో మూడో వంతు స్థానాలు కేటాయించే 106వ రాజ్యాంగ సవరణ 2023 సెప్టెంబరులో వచ్చింది. జూన్‌లో జిరాక్స్ తీసిన నోట్సులో అది ఎలా ఉంటుంది? ఆ డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం మారింది, 9వ తేదీనుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది, పథకాల పేర్లు మారాయి, 2024 జూలై 1నుంచి భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. కొన్నవారికి సంస్థ ఇవన్నీ అనుబంధాలుగా పంపింది. నేను పట్టుకున్న తలసరి ఆదాయం తప్పును కూడా నోట్సులో దిద్దింది. ఛానెల్ ప్రతిలో ఆ తప్పు నా పేరుతో, నా నంబరుతో, నేను రాసినట్టే ఇప్పటికీ తిరుగుతోంది. అర్థశాస్త్రం చెప్పే మనిషికి ఇంతకన్నా అవమానం ఉంటుందా!

ఇక సంస్థ వ్యవహారం. 2023 అక్టోబరు మొదటి వారంలో నా ఖాతా మూసేశారు. వాటర్‌మార్కు ఉన్నది అందుకే గనుక, నన్ను పట్టుకోవడాన్ని తప్పుపట్టను. బైండింగు ఇచ్చింది నేనేనని, అమ్మింది నేను కాదని, ఛానెల్ లింకుతో సహా మెయిలు రాశాను. మొదటి ఫోనులో మాట్లాడిన ఉద్యోగి నన్ను "మీలాంటివాళ్ల వల్లే" అని మొదలుపెట్టాడు. రెండో ఫోనులో మాట్లాడిన ఆవిడ మాత్రం సావధానంగా విని, రాతపూర్వకంగా హామీ ఇస్తే తెరుస్తామని చెప్పి, మాట నిలబెట్టుకున్నారు. మొత్తం 19 రోజులు పట్టింది. మరి ఆ ఛానెల్ మీద ఏం చర్య తీసుకున్నారని అడిగితే, ఒకటి మూయిస్తే రెండు పుడుతున్నాయండీ అన్నారు. ఇంకో మాట కూడా రాయాలి. ఇదే నోట్సులో సామాజిక నిర్మితి భాగంలోని నాలుగైదు పేరాలు తెలుగు అకాడమీ ప్రచురణల్లోని వాక్యాలే, కామాలతో సహా. మూలం చెప్పిన జాడ లేదు. ఎదుటివారి చౌర్యం మీద అంత కటువుగా మాట్లాడేవారు తమ ఇంటి పెరడు కూడా ఒకసారి చూసుకుంటే బాగుండేది.

చట్టం గురించి రీడింగ్ హాళ్లలో వినిపించే మాటల్లో సగం తప్పులే. చదువు కోసమైతే ఏదైనా కాపీ తీసుకోవచ్చని ఢిల్లీ హైకోర్టు చెప్పిందని చాలామంది అంటారు. 2016 డిసెంబరు 9న డివిజన్ బెంచి చెప్పింది ఢిల్లీ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులు తమ తరగతి పాఠ్యాంశం కోసం వివిధ పుస్తకాల భాగాలను కూర్చి జిరాక్స్ తీయించిన సంపుటాల గురించి. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో, బోధన సందర్భంలో గురువు గానీ విద్యార్థి గానీ తీసుకునే ప్రతికి ఉన్న మినహాయింపు ఆధారంగా వచ్చిన తీర్పు అది. ఆ సెక్షన్‌లోనే సొంత చదువుకు, పరిశోధనకు న్యాయమైన మేరకు వాడుకునే వీలూ ఉంది. నా సొంత చదువుకు జిరాక్స్ తీయించుకోవడం వేరు, వేలమంది ఉన్న ఛానెల్‌లో పెట్టడం వేరు. రెండోదానికి 63వ సెక్షన్ కింద ఆరు నెలలనుంచి మూడేళ్ల జైలు, 50 వేలనుంచి రెండు లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి. టెలిగ్రామ్‌లో ఎవరో తెలియదులే అన్న ధీమా కూడా నిలిచేది కాదు. ఒక కోచింగ్ ఉపాధ్యాయురాలి పాఠాలు, పుస్తకాలు ఛానెళ్లలో పంచుతున్న కేసులో, తమ సమాచారం సింగపూర్ సర్వర్లలో ఉందని, అక్కడి గోప్యతా చట్టం అడ్డొస్తుందని టెలిగ్రామ్ వాదించినా, ఆ ఛానెళ్లు నడిపేవారి వివరాలు ఇవ్వవలసిందేనని 2022 ఆగస్టు 30న ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. ఈ సంగతి చెప్పినప్పుడు మంథని అమ్మాయి ముఖం పాలిపోయింది. నీ పేరు ఎక్కడా లేదమ్మా, ఉన్నది నా పేరే అని చెప్పి ఊరడించవలసి వచ్చింది.

జనం పంచుకోవడానికి సంస్థలే దారి వేస్తున్నాయన్న మాట కూడా నిజమే, దానికి గడువు కన్నా మంచి ఉదాహరణ లేదు. నేను కొన్న వ్యాలిడిటీ ఏడాది. 2023 ఆగస్టు 29, 30 తేదీల్లో జరగవలసిన పరీక్ష నవంబరు 2, 3కు, అక్కడినుంచి 2024 జనవరి 6, 7కు, తరువాత ఆగస్టు 7, 8కి, చివరకు డిసెంబరు 15, 16కు జరిగింది. వాయిదా వేసింది కమిషన్, గడువు తీరిపోయింది నాకు. ఆరు నెలల పొడిగింపుకు 2,500 అడిగారు. రెండుసార్లు కట్టాను, అంటే ఖర్చు 15,030కి చేరింది. పరీక్ష తేదీ వరకు అని ఒక్క మాట రాసి అమ్మితే సంస్థకు పోయేదేమిటో నాకు అర్థం కాదు. అదే నెలల్లో మా రీడింగ్ హాల్లో ఒకే లాగిన్‌ను నలుగురు వంతులవారీగా, ఓటీపీలు ఒకరికొకరు చెప్పుకుంటూ వాడడం చూశాను. వాళ్లందరూ ఒకప్పుడు పూర్తి ధర కట్టినవాళ్లే.

కాబట్టి బోధనకు, టెస్టులకు, సవరణలకు ఐదుకు నాలుగు ఇస్తాను. యాప్‌కూ గడువు పద్ధతికీ ఒకటిన్నర. టెలిగ్రామ్ ప్రతికి సున్నా, బొటనవేలితో సహా. ఉద్యోగం చేస్తూ చదివేవారు, తరగతికి వెళ్లలేనివారు కొనవచ్చు, కానీ పరీక్ష తేదీ ఖరారైన తరువాతే కొనాలి. డబ్బు లేనివారు అప్పు చేసి కొననక్కరలేదు. తెలంగాణ ప్రభుత్వ ఛానెల్ టీ-శాట్ నిపుణలో గ్రూప్స్ పాఠాలు ఉచితంగా వస్తాయి, కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం పోర్టల్‌లో అర్థశాస్త్రం, పాలిటీ పాఠాలు వినవచ్చు. తెలుగు అకాడమీ పుస్తకాలకు ప్రాంతీయ గ్రంథాలయం ఉంది, 1904లో మొదలైన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఇదే హనుమకొండలో ఉంది. నోట్సు ఎవరికైనా ఇవ్వాలనిపిస్తే పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి. ఆ తరువాతి ఏడాదంతా కింది గది అమ్మాయిలతో నేను చేసింది అదే. సాయంత్రం ఏడింటినుంచి తొమ్మిదింటివరకు వాళ్లకు నేను ఎకానమీ చెప్పేదాన్ని, ఏటూరునాగారం అమ్మాయి నాకు భూగోళం చెప్పేది. మొదటి పేపరులో నాకు వచ్చిన మార్కుల్లో కొన్ని ఆ పిల్లవే.

పోయిన వారం నిర్మల్ నుంచి ఫోను వచ్చింది. ఇప్పుడు నాకు ఈ ఫోన్లకు ఒక పాఠం కంఠస్థమై ఉంది: ఆ నోట్సు నాది కాదు, 2023 జూన్ నాటిది, పాలిటీలో 106వ సవరణ లేదు, తలసరి ఆదాయం దగ్గర తప్పుంది, నమ్ముకోవద్దు అని వరసగా చెప్పేశాను. అటువైపు అమ్మాయి శ్రద్ధగా అంతా విని, కాసేపు ఆగి, "మంచిది మేడం. మరి ఆ సవరణ ఉన్న పేజీ ఒక్కటి వాట్సాప్ చేస్తరా?" అంది.